నడుము పట్టిందా, అరిగిందా?

ఓరుగల్లు చుట్టుపక్కల పల్లెల్లో నడుం నొప్పిని చెప్పడానికి రెండు మాటలు వినిపిస్తాయి. పాత మాట "నడుము పట్టింది". కొత్త మాట "బొక్కలు అరిగినయట", అంటే ఎముకలు అరిగాయట. పట్టింది అన్నప్పుడు నొప్పి వచ్చి కూర్చున్నదనే గానీ ఒంట్లో ఏదో పాడైపోయిందని కాదు. పట్టినది విడుస్తుంది కూడా. బిందె ఎత్తబోయి అట్లనే వంగిపోయిన కోడలితో "పట్టింది బిడ్డా, నాలుగొద్దులల్ల ఇడుస్తది" అని అత్త చెప్పే ధైర్యమంతా ఆ క్రియలోనే ఉంది. అరిగింది అంటే ఆ దారి ఉండదు. అరిగిన చెప్పు మళ్లీ పెరగదు, అరిగిన బేరింగు మార్చాల్సిందే. నడుమూ అంతేనని నమ్మిన మనిషి వంగడం మానేస్తాడు, బరువు ముట్టడు, చివరికి మనవడిని ఎత్తుకోవడానికి కూడా జంకుతాడు.

చివర ఉన్న "అట" గమనించదగ్గది. "అరిగినయట" అన్న మనిషి తన అనుభవం చెప్పడం లేదు, ఎవరో చెప్పింది చెబుతున్నాడు. చెప్పినవాళ్లు ఎక్స్‌రే చూసిన బొక్కల డాక్టరు కావచ్చు, రిపోర్టు తిరగేసిన మెడికల్ షాపు అతను కావచ్చు, ఊళ్లో సూది వేసే ఆర్‌ఎంపీ కావచ్చు. నొప్పి తనదే, దాని అర్థం మాత్రం బయటి నుంచి వచ్చింది. నడుం నొప్పి మీద జనం నమ్మకాలు మార్చాలంటే ముందు ఈ "అట" ఎక్కడ పుడుతున్నదో అక్కడ మారాలి.

అరుగుదల అబద్ధం కాదు. స్కాన్‌లో కనిపించేది నిజంగానే ఉంటుంది. దానికీ నొప్పికీ ముడి వేయడంలోనే పొరపాటు జరుగుతోంది. 2015లో వచ్చిన ఒక సమీక్ష 33 అధ్యయనాలను కలిపి, నడుం నొప్పి అసలే లేని 3,110 మంది స్కాన్‌లను పరిశీలించింది. 20 ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, అరిగినట్టు కనిపించింది. 50 ఏళ్లకు అది 80 శాతం, 80 ఏళ్లకు 96 శాతం. డిస్కు ఉబ్బడం 50 ఏళ్లవాళ్లలో 60 శాతం మందికి ఉంది. హన్మకొండ బస్టాండులో ఏ నొప్పీ లేకుండా బస్సు కోసం నిలబడ్డ 50 ఏళ్లవాళ్లను పదిమందిని పిలిచి ఎమ్మారై తీయిస్తే, ఇంచుమించు ఎనిమిది మంది చేతిలో "అరిగింది" అన్న కాగితం ఉంటుంది. తల నెరిసినట్టే డిస్కులూ వయసుతో మారుతాయి. నొప్పి ఉన్నవాళ్లలో ఈ మార్పులు కొంత ఎక్కువగా కనిపించే మాట నిజమే. కానీ ఒక మనిషి రిపోర్టు చూసి "నీ నొప్పికి ఇదే కారణం" అని వేలు పెట్టి చూపించడం చాలా సందర్భాల్లో కుదరదు.

రిపోర్టులోని మాటలు రోగి కోలుకోవడాన్ని ఎంత మారుస్తాయో మన పొరుగునే పరీక్షించారు. కోయంబత్తూరులో వెన్నెముక సర్జన్ రాజశేఖరన్ బృందం దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 44 మందిని రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు ఎమ్మారై రిపోర్టులో ఉన్నదంతా ఉన్నట్టు వివరించారు. రెండో గుంపుకు ఇవి వయసుతో వచ్చే మామూలు మార్పులేనని, భయపడాల్సింది లేదని చెప్పారు. ఆరు వారాల తర్వాత చూస్తే, మొదటి గుంపువాళ్లు తమ వెన్ను గురించి ఎక్కువ భయంతో ఉన్నారు, కోలుకోవడమూ తక్కువగానే ఉంది. 2021లో ప్రచురితమైన ఈ ఫలితం వరంగల్‌లోని ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీద ఉండాల్సినది. రిపోర్టులో ఇంగ్లీషు ముక్క ఒకటి రోగి ఇంటికి "నరం నలిగింది" అయి చేరుతుంది. పక్కింటికి చేరేసరికి అది "కాళ్లు పడిపోతయట" అవుతుంది.

భయం ఒంట్లోకి ఎలా దిగుతుందో దగ్గరి నుంచి చూస్తే తెలుస్తుంది. డిస్కు జరిగిందని చెప్పించుకున్న మనిషి కింద పడ్డ తాళంచెవి తీసుకునే తీరు వేరుగా ఉంటుంది. ఊపిరి బిగబట్టి, నడుము కట్టెలా నిలిపి, ఒక చెయ్యి గోడకు ఆనించి, మోకాళ్ల మీద మెల్లగా కిందికి దిగుతాడు. ఆ కాసేపట్లో వెన్ను కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. బిగిసిన కండరం నొప్పెడుతుంది. ఆ నొప్పి "వంగితే ప్రమాదం" అన్న నమ్మకానికి సాక్ష్యమవుతుంది, మరుసటి రోజు ఇంకా తక్కువ వంగుతాడు. నెలలు గడిచేసరికి కండరం బలం తగ్గి, చిన్న కదలికకే అలసిపోయే నడుము మిగులుతుంది. దాన్నీ అరుగుదల ఖాతాలోనే రాస్తారు.

మంచం పట్టడం మందు కాదన్నది కొత్తగా తేలిన విషయం కాదు. 1995లో ఫిన్లాండ్‌లో హెల్సింకి నగర ఉద్యోగులు 186 మంది మీద జరిగిన ప్రయోగంలో కొందరిని రెండు రోజులు మంచం మీదే ఉండమన్నారు, కొందరికి నడుము వ్యాయామాలు నేర్పారు, మిగతావాళ్లను నొప్పి ఓర్చుకోగలిగినంత మేర రోజువారీ పనులు చేసుకొమ్మన్నారు. అందరికంటే బాగా కోలుకున్నది ఆ మూడో గుంపు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో రోగికి నొప్పి గురించి వివరించి చెప్పడం, వ్యాయామం ముందు వరసలో ఉన్నాయి. నడుము బెల్టు, బరువు కట్టి లాగే ట్రాక్షన్ మామూలుగా వాడవద్దన్న జాబితాలో ఉన్నాయి. మన దగ్గర నడుం నొప్పితో వెళ్లిన మనిషి బెల్టు లేకుండా తిరిగొస్తే డాక్టరు సరిగ్గా చూడలేదనుకుంటారు.

జనం నమ్మకాలను ప్రచారంతో మార్చవచ్చా అన్న ప్రశ్నకు అందరూ చూపించేది ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం. పనిలో గాయపడ్డవాళ్లకు పరిహారం ఇచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ 1997లో టీవీ ప్రకటనలు మొదలుపెట్టింది. సందేశం సూటిగా ఉంది: నడుం నొప్పికి మంచం ఎక్కకండి, కదులుతూ ఉండండి, వీలైనంత వరకు పనిలోనే ఉండండి. ఈ మాటను పేరున్న డాక్టర్లతో, ఆటగాళ్లతో, హాస్యనటులతో చెప్పించారు. రోగుల కోసం రాసిన చిన్న పుస్తకాన్ని 16 భాషల్లోకి మార్పించి పంచారు. డాక్టర్లకు వైద్య మార్గదర్శకాలు విడిగా పంపారు. పోల్చి చూడటానికి ప్రచారం లేని న్యూ సౌత్ వేల్స్ పక్కనే ఉంది. అక్కడి వైద్య పరిశోధకురాలు రేషెల్ బక్‌బైండర్ బృందం 4,730 మంది జనాన్ని, 2,556 మంది డాక్టర్లను సర్వే చేసి 2001లో ఫలితాలు ప్రకటించింది. విక్టోరియాలో నమ్మకాలు స్పష్టంగా మారాయి, పొరుగు రాష్ట్రంలో మారలేదు. నడుం నొప్పి పరిహార దరఖాస్తులు 15 శాతానికి పైగా తగ్గాయి, ఒక్కో దరఖాస్తుకు వైద్య ఖర్చు 20 శాతం తగ్గింది. డాక్టర్లు పరీక్షలు రాయడం, పడుకోమని చెప్పడం తగ్గించారు.

ఇదే పని తర్వాత స్కాట్లాండ్‌లో రేడియోతో చేశారు. కదలడం మంచిదనే నమ్మకం ఇరవై శాతం దాకా పెరిగింది, ఉద్యోగానికి సెలవులు మాత్రం తగ్గలేదు. నార్వేలో రెండు జిల్లాల్లో, కెనడాలోని ఆల్బర్టాలో తక్కువ డబ్బుతో చేసిన ప్రచారాల్లోనూ అంతే: నమ్మకం కాస్త కదిలింది, నడత కదల్లేదు. ఈ తేడా మనకు విక్టోరియా విజయం కంటే ఎక్కువ నేర్పుతుంది. విక్టోరియాలో పరిహారం ఇచ్చే సంస్థే ప్రచారమూ నడిపింది. డాక్టరు, యజమాని, రోగి ముగ్గురి చెవినా ఒకే కాలంలో ఒకే మాట పడింది. మిగతాచోట్ల రోగి విన్న మాట ఒకటి, డాక్టరు గదిలో ఎదురైన మాట ఇంకొకటి అయ్యే సందు మిగిలి ఉండవచ్చు.

దీన్ని ఉత్తర తెలంగాణకు యథాతథంగా తెచ్చిపెట్టడం కుదరదు, తేకూడదు కూడా. మొదటి కారణం, ఇక్కడి భయాలు వేరు. ఇక్కడి ఆడవాళ్లను నడుం నొప్పి ఎందుకు వచ్చిందని అడిగితే డిస్కు కంటే ముందు వచ్చే జవాబు "ఆపరేషన్ల నడుముకు సూది ఇచ్చిన్రు, అప్పటిసంది" అని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలో ఇదే అత్యధికం. కరీంనగర్ జిల్లాలో అది 80 శాతం దాటింది. అంటే ఈ ప్రాంతంలో తల్లులైన యువతుల్లో ఎక్కువమందికి నడుములో మత్తు సూది పడింది. కాన్పు తర్వాత నడుం నొప్పి కూడా మామూలే. రెండూ ఒకే మనిషిలో కనిపించినప్పుడు సూదే కారణమనుకోవడం సహజం. సూది గుచ్చినచోట కొద్ది రోజులు సలపరం ఉండే మాట నిజం. కానీ కాన్పులో నడుముకు మత్తు ఇచ్చినవాళ్లనూ ఇవ్వనివాళ్లనూ పోల్చిన ప్రయోగాల్లో దీర్ఘకాలం ఉండే నడుం నొప్పిలో తేడా కనిపించలేదు. తొమ్మిది నెలలు మోసిన ఒళ్లు, తెల్లవార్లూ బిడ్డను ఒళ్లో పెట్టుకొని వంగి పాలివ్వడం, నిద్ర లేకపోవడం, కోత మానేదాకా కదలకపోవడం అన్నీ ఆ నడుము మీదే పడతాయి. సూదిని నిందించిన తల్లికి చేయగలిగింది ఏమీ మిగలదు, ఎందుకంటే పడిన సూదిని వెనక్కి తీయలేం. నీరసపడిన కండరాన్ని తిరిగి బలపరచుకోవచ్చని తెలిసిన తల్లికి రేపు పొద్దున్నే మొదలుపెట్టే పని ఒకటి ఉంటుంది.

ఇంకో నమ్మకం ఖరీదు మరీ ఎక్కువ. నడుం నొప్పికీ తెల్లబట్టకూ కలిపి "గర్భసంచి ఖరాబైంది, తీసేస్తే పోతది" అనడం. 2015-16 సర్వేలో దేశం మొత్తం మీద 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు 3.2 శాతం ఉంటే తెలంగాణలో 7.7 శాతం. ఇవన్నీ నడుం నొప్పి కోసమే జరిగాయని కాదు, చాలావాటికి సరైన కారణాలుంటాయి. కానీ గర్భసంచి తీస్తే మామూలు నడుం నొప్పి పోదు. చిన్న వయసులోనే తీసేసి, దాంతోపాటు అండాశయాలూ తొలగిస్తే ఎముకలు తొందరగా గుల్లబారతాయి, అసలు లేని జబ్బు నడుముకు నిజంగా వస్తుంది. నడుం నొప్పి మీద ప్రజలకు చెప్పే ఏ ప్రచారమైనా తెలంగాణలో ఈ మాట దాటేసి పోతే అది సగం ప్రచారమే.

రెండో కారణం, "పడుకోకు, పనికి పో" అన్న సందేశం ఇక్కడ ఎవరికి చెబుతున్నామన్నది. విక్టోరియాలో సెలవు పెట్టిన మనిషికి పరిహారం వస్తుంది. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిరప బస్తాలు దించే హమాలీకి బస్తాకింత అని లెక్క. దించని రోజు డబ్బుల్లేవు. మంచం ఎక్కే స్థోమతే లేని మనిషికి మంచం ఎక్కొద్దని చెప్పడం అతని బతుకును ఎరగకుండా మాట్లాడటమే అవుతుంది. భయం అతన్ని ఇంట్లో కూర్చోబెట్టదు, డబ్బు ఖర్చు చేయిస్తుంది. వారం వారం సూది, బెల్టు, ఎక్స్‌రే, ఎమ్మారై, అప్పు చేసి హైదరాబాద్ ప్రయాణం. ఊళ్లో వేసే సూదుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండి, అది నెలల తరబడి పడితే ఎముకలు బలహీనపడతాయి. గోదావరిఖని, భూపాలపల్లి వైపు సంగతి మరోలా ఉంటుంది. సింగరేణిలో ఆరోగ్య కారణాలతో ఉద్యోగానికి అనర్హుడైతే వారసుడికి కొలువు వచ్చే వ్యవస్థ ఉంది. అక్కడ నడుము మాట ఒంటికే పరిమితం కాదు, ఇంటి తర్వాతి తరం బతుకుతోనూ ముడిపడి ఉంటుంది. అలాంటి చోట నమ్మకాలు మార్చాలంటే కార్మికుణ్ని అనుమానించే ధోరణిలో ఒక్క ముక్క దొర్లినా ఎవరూ వినరు.

కాబట్టి ఇక్కడి సందేశంలో కదలడం, మోయడం రెండూ వేరని స్పష్టంగా ఉండాలి. నొప్పి ఉన్న వారంలో నడవడం, ఇంటి పనులు చేసుకోవడం, తేలికపాటి కూలికి వెళ్లడం మంచిదే. అదే వారంలో మామూలు లెక్కన బస్తాలు ఎత్తమనడం వైద్యం కాదు. అలసిపోయి, ఒడుపు తప్పి బరువు ఎత్తినప్పుడే నొప్పి ఎక్కువగా మొదలవుతుంది. నాలుగు రోజులు బరువు పంచుకునే తోటి మనిషి, ఆ నాలుగు రోజులు తూకం దగ్గరో కుప్పలు చేసే దగ్గరో పని ఇచ్చే అడ్తిదారు ఉంటే నడుము దానంతటదే కుదుటపడుతుంది. 2016లో 21 ప్రయోగాలను, 30,850 మందిని కలిపి చూసిన సమీక్షలో బెల్టులు నొప్పి రాకుండా ఆపలేదు, ఒట్టి పాఠాలు కూడా ఆపలేదు. వ్యాయామమూ వివరణా కలిసినప్పుడు మాత్రం కొత్తగా నొప్పి వచ్చే అవకాశం 45 శాతం తగ్గింది. 2024లో ఆస్ట్రేలియా నుంచే వచ్చిన మరో ప్రయోగంలో, ఒకసారి నొప్పి వచ్చి తగ్గిన 701 మందిలో కొందరికి నడక కార్యక్రమం ఇచ్చారు. మెల్లగా పెంచుతూ వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట నడక లక్ష్యంగా పెట్టారు. వాళ్లకు నొప్పి మళ్లీ రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, నడవనివాళ్లకు 112 రోజులు. దుకాణంలో, కుట్టు మిషన్ దగ్గర, జగిత్యాల వైపు బీడీల చేట ముందు రోజంతా కూర్చునేవాళ్లకు ఇది పైసా ఖర్చు లేని మందు.

ఎవరు చెప్పాలి? ఆశా కార్యకర్త చెబితే ఊరు వింటుంది, పల్లె దవాఖానలో డాక్టరు చెబితే నమ్ముతుంది. కానీ నడుం నొప్పి మొదటి రాత్రి మనిషి తలుపు కొట్టేది ఆర్‌ఎంపీదే. అతన్ని పక్కన పెట్టి చేసే ఏ ప్రచారానికైనా విక్టోరియా గతి కాదు, స్కాట్లాండ్ గతి పడుతుంది. "అరిగింది" అనడం మానేసి "పట్టింది, రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతది, తిరుగుతుండు" అనడం అతనికి నేర్పగలిగితే ఎన్నో ఎక్స్‌రేలు తప్పుతాయి. ఊళ్లలో ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో పట్టిన నడుమును తన్నించుకునే అలవాటు ఉండేది. తన్నుకు వైద్య గుణం లేదు, అది చేయించుకోమని ఎవరికీ చెప్పకూడదు. కానీ ఆ మనిషి అక్కడి నుంచి లేచేటప్పుడు "ఇక విడిచింది" అన్న నమ్మకంతో లేచి నడిచేవాడు. ఇప్పుడు ఎమ్మారై కవరు చంకలో పెట్టుకొని వచ్చే మనిషి చేతిలో ఫొటోలున్నాయి, ఆ నమ్మకం లేదు.

ధైర్యం చెప్పేవాళ్లకు ఎక్కడ ధైర్యం చెప్పకూడదో కూడా తెలియాలి. నడుం నొప్పితోపాటు మూత్రం రాకపోయినా, అదుపు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం ఈడ్చుకుపోతున్నా అదే రోజు వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే ఆ నరాలు తిరిగి పనిచేయకపోవచ్చు. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నుపూసకు టీబీ పట్టిందేమో చూడాలి, మన దేశంలో దీన్ని మరవడానికి వీల్లేదు. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లకు, ఎత్తు నుంచి పడ్డవాళ్లకు, చాలాకాలం స్టెరాయిడ్ వాడినవాళ్లకు, కాలు జారి కూలబడ్డ ముసలమ్మకు కొత్తగా వచ్చే నడుం నొప్పికి పరీక్షలు అవసరం. ఇలాంటివి మొత్తం నడుం నొప్పుల్లో చాలా కొద్ది భాగం. ఆ కొద్దిమందికి స్కానింగ్ తొందరగా అందాలంటే మిగతావాళ్లు ఆ వరసలో లేకుండా ఉండాలి.

ప్రచారం ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా ఊరి పనుల లెక్కనే తేలాలి. వానాకాలం నాట్లు మొదలయ్యే ముందు ఒకసారి, యాసంగి నాట్లకు ముందు ఒకసారి. నాటేసే ఆడవాళ్లు ఎడమ మోచెయ్యి మోకాలికి ఆనించి, ఆ చేతిలో నారు పట్టుకొని, కుడి చేత్తో నాటుతూ వెనక్కి వెనక్కి జరుగుతారు. గుత్తకు పట్టిన ముఠాలో ఒక్కతే లేచి నడుము చాపుకుంటే ఆమె మునుం, అంటే ఆమె వంతు నాటు వరస, వెనకబడుతుంది, పక్కామె మీద భారం పడుతుంది. అందుకని ఎవరూ లేవరు. గంటల తరబడి అదే వంపులో ఉండిపోతారు. వేసవి చివర్లో ఆశా కార్యకర్త కూర్చోబెట్టి మాట్లాడాల్సింది ఆ ముఠా పెద్దతోనే. నారు కట్ట అయిపోయినప్పుడల్లా ఆమె "లేవుండ్రి" అని ఒక్క కేక వేస్తే వరస మొత్తం ఒకేసారి నిటారుగా లేస్తుంది, రెండు చేతులూ నడుముకు పెట్టి వెనక్కి వంగుతుంది, పది అంకెలు లెక్కపెట్టేంత సేపు నిలబడుతుంది. ఎవరి మునుమూ వెనకబడదు.